నిండినదే లెక్క: ఫ్లోర్ ఉన్న సమీకరణాలు ఎలా సాధించాలి

మా పాప వయసు ఎవరైనా అడిగితే అమ్మ "ఐదు నిండి ఆరు పడ్డది" అంటుంది. ఆ ఒక్క మాటలో రెండు ఫంక్షన్లున్నాయి. నిండిన సంఖ్య ఫ్లోర్, పడిన సంఖ్య సీలింగ్ (సరిగ్గా పుట్టినరోజు నాడు తప్ప, ఆ రోజు రెండూ ఐదే). ఓటు హక్కు అడిగేది కూడా నిండిన ఏళ్ళనే. 17 ఏళ్ళ 11 నెలల పిల్లవాడు ఎంత బతిమాలినా లెక్కలో 17 దగ్గరే ఉంటాడు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి బస్తాలదీ ఇదే పద్ధతి. బస్తాకు 40 కిలోల చొప్పున నింపితే 430 కిలోలకు నిండు బస్తాలు పది, మిగిలింది 30 కిలోలు. 430ని 40తో భాగిస్తే 10.75 వస్తుంది, కానీ నిండినవి 10. అదే ఫ్లోర్.

నేను హనుమకొండ నయీంనగర్‌లో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. ప్రమేయాల పాఠంలో ఈ ఫ్లోరే గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం అన్న పేరుతో వస్తుంది. కొందరు దాన్ని జీఐఎఫ్ అంటారు, కొందరు స్టెప్ ఫంక్షన్ అంటారు. నిర్వచనం అడిగితే అందరూ గడగడా చెప్పేస్తారు. అదే గుర్తు సమీకరణంలో కనిపిస్తే మాత్రం టెన్షన్ పడతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, మామూలు బీజగణితం అలవాట్లు ఇక్కడ మోసం చేస్తాయి. నేనూ ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక స్లిప్ టెస్టులో ఫ్లోర్‌కు గుర్తుగా వేసిన బ్రాకెట్లు ఉత్త అలంకారం అనుకుని కొట్టేసి, చక్కగా వర్గ సమీకరణం సాధించి, ఎనిమిదికి రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఆ లెక్కలాంటిదే ఒకటి కింద వస్తుంది.

ముందు అక్షరాల సంగతి. పుస్తకంలో ఎక్స్ ఉండే చోట నేను "య" అని రాస్తాను. దాని పూర్ణాంక భాగం "ప", భిన్న భాగం "భ". అంటే ⌊య⌋ = ప, య = ప + భ. 10.75 బస్తాల్లో ప = 10, భ = 0.75. ఈ అరమెట్టు లాంటి గుర్తును, ఫ్లోర్ అనే పేరును 1962లో కెనెత్ ఐవర్సన్ తెచ్చాడు. అంతకు ముందు 1808లో గౌస్ వాడిన చదరపు బ్రాకెట్లే మన ప్రశ్నాపత్రాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపిస్తాయి. ప్రశ్నలో చదరపు బ్రాకెట్ ఉంటే అది ఫ్లోరా, మామూలు బ్రాకెట్టేనా అన్నది కింద రాసిన వాక్యం చదివి తేల్చుకోండి.

మొదట తాళం చెవి చేతికి తీసుకోండి

ఈ లెక్కలన్నీ ఒక్క వాక్యం మీద నడుస్తాయి. ⌊య⌋ = ప అంటే,

ప ≤ య < ప + 1, ఇక్కడ ప పూర్ణాంకం.

ఎడమ వైపు సమానం ఉంది, కుడి వైపు లేదు. సరిగ్గా 5 ఏళ్ళు ఉంటే ఐదు నిండినట్టే, సరిగ్గా 6 ఉంటే ఇక ఐదు కాదు. ఇదే వాక్యాన్ని భిన్న భాగంతో చెప్పాలంటే 0 ≤ భ < 1. ఈ రెండు రూపాల్లో ఏది ఎప్పుడు వాడాలో తెలిస్తే సగం పని అయినట్టే. ఫ్లోర్ ఒక్కటే ఉండి, బయట య లేకపోతే మొదటిది. బయట కూడా య ఉంటే ఎక్కువగా రెండోది.

మొదటి రకం చాలా తేలిక. ⌊2య − 3⌋ = 4 అనుకోండి. ఫ్లోర్ లోపల ఉన్నదాన్నే మొత్తంగా పట్టుకుని 4 ≤ 2య − 3 < 5 అని రాయండి. మూడు కలిపితే 7 ≤ 2య < 8. సగం చేస్తే 3.5 ≤ య < 4. జవాబు ఒక సంఖ్య కాదు, ఒక అంతరం. "సార్, ఇందులో యాన్సర్ ఏది?" అని ప్రతి ఏడూ ఒకరు అడుగుతారు. ఆ అంతరంలో ఉన్న ప్రతి సంఖ్యా జవాబే. కుడి వైపు 4 బదులు 4.5 ఉంటే పెన్ను కదపనక్కర్లేదు, ఫ్లోర్ ఎప్పుడూ పూర్ణాంకమే కాబట్టి సాధన లేదు.

బయట కూడా య ఉంటే విడగొట్టండి

3⌊య⌋ + య = 12.7 తీసుకుందాం. య ఉన్న చోట ప + భ పెట్టండి. 4ప + భ = 12.7 అవుతుంది. ఒక సమీకరణం, తెలియనివి రెండు. మామూలుగా ఇలాంటప్పుడు చేతులెత్తేస్తాం. ఇక్కడ ప పూర్ణాంకం, భ సున్నాకు ఒకటికి మధ్య ఇరుక్కున్నది. ఆ ఇరుకే మనకు రెండో సమీకరణం చేసే పని చేస్తుంది. భ = 12.7 − 4ప. అది 0 నుంచి 1 లోపు ఉండాలంటే 4ప విలువ 11.7 కంటే ఎక్కువ, 12.7కు మించకుండా ఉండాలి. ఆ మధ్యలో నాలుగు గుణిజం 12 ఒక్కటే. కాబట్టి ప = 3, భ = 0.7, య = 3.7. సరిచూడండి: 9 + 3.7 = 12.7.

ఇప్పుడు కుడి వైపు 14.2 చేసి మళ్ళీ చేయండి. 4ప 13.2 కంటే ఎక్కువ, 14.2కు మించకుండా ఉండాలి. ఆ మధ్యలో నాలుగు గుణిజమే లేదు. సాధన లేదు. మామూలు సరళ సమీకరణంలో కుడి వైపు సంఖ్య మారితే జవాబు కాస్త జరుగుతుంది, అంతే. ఇక్కడ జవాబే మాయమైపోతుంది. పిల్లలు ఇక్కడ ఆగి తమ లెక్క తప్పేమోనని కొట్టేస్తారు. కొట్టేయకండి. "సాధన లేదు" అన్నది కూడా జవాబే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చూడండి.

4య = 5⌊య⌋ + 1

విడగొడితే 4ప + 4భ = 5ప + 1, అంటే భ = (ప + 1)/4. భ మీద ఉన్న షరతు పెడితే 0 ≤ ప + 1 < 4. అంటే ప విలువలు −1, 0, 1, 2. వాటికి భ వరుసగా 0, 0.25, 0.5, 0.75. కలుపుకుంటే య = −1, 0.25, 1.5, 2.75. చూడ్డానికి సరళ సమీకరణమే, సాధనలు నాలుగు. ఇందులో −1ని మా క్లాసులో సగం మంది వదిలేస్తారు. కారణం అలవాటే, లెక్క సున్నా నుంచి మొదలవుతుందని అనుకుంటారు. షరతు ఎక్కడి నుంచి మొదలవుతుందో అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రుణ సంఖ్యల దగ్గర మెట్ల బావి గుర్తు తెచ్చుకోండి

వరంగల్ శివనగర్‌లో కాకతీయుల కాలం నాటి మెట్ల బావి ఉంది. చూడకపోతే ఒకసారి చూసి రండి, లెక్కకూ పనికొస్తుంది. నేల మట్టం సున్నా అనుకోండి. కిందికి ఒక్కో మెట్టు −1, −2, −3, −4. పై నుంచి ఒక గులకరాయి జారవిడిచారు. అది గాలిలో −3.75 దగ్గర ఉంటే, తర్వాత ఏ మెట్టు మీద ఆగుతుంది? −4 మీద. పైకి ఎగిరి −3 మీద కూర్చోదు కదా. ఫ్లోర్ ఎప్పుడూ కిందికే చూస్తుంది. దశాంశ బిందువు తర్వాత ఉన్నవి తుడిచేస్తే చాలు అన్న చిట్కా ధన సంఖ్యలకు పనిచేసి, రుణ సంఖ్యల దగ్గర ముంచుతుంది. కంప్యూటర్ చదువుకునే వాళ్ళకు ఇంకో మాట: పైథాన్‌లో ఇంట్ అన్న ఆదేశం −3.75ను −3 చేస్తుంది, మ్యాథ్ మాడ్యూల్‌లోని ఫ్లోర్ దాన్ని −4 చేస్తుంది. రెండూ ఒకటే అనుకుని ప్రోగ్రామ్ రాసి రాత్రంతా తప్పు వెతికిన వాళ్ళు నాకు తెలుసు.

−3.75 ఊరికే తీసుకోలేదు. ఈ లెక్క చూడండి.

య × ⌊య⌋ = 15

ప సున్నా కాలేదు, కాబట్టి య = 15/ప. తాళం చెవి పెడితే ప ≤ 15/ప < ప + 1. ముందు ప ధన సంఖ్య అనుకుందాం. ప తో గుణిస్తే ప² ≤ 15 < ప² + ప. ప = 3 పెడితే 9 ≤ 15 సరే, 15 < 12 కాదు. ప = 4 పెడితే 16 ≤ 15 కాదు. 1, 2 ఇంకా తక్కువ పడతాయి. ధన సంఖ్యల్లో సాధనే లేదు. చాలామంది ఇక్కడ "సాధన లేదు" అని గీత గీసేస్తారు. ఇప్పుడు ప రుణ సంఖ్య. గుణించినప్పుడు అసమీకరణం గుర్తులు తిరగబడతాయి: ప² ≥ 15 > ప² + ప. ప = −4 పెడితే 16 ≥ 15 > 12, సరిపోయింది. ప = −5 పెడితే 15 > 20 కావాలి, కాదు. −3 అయితే 9 ≥ 15 కాదు. కాబట్టి ఒకే ఒక్క సాధన, య = −3.75. ఈ లెక్క జవాబంతా బావి అడుగున దాక్కుంది.

గుర్తులు తిరగబడే చోట తొందరపడకండి. నేను ఇప్పటికీ ధన, రుణ భాగాలను రెండు వేరు వేరు గీతల కింద రాస్తాను. కాగితం ఖర్చవుతుంది, మార్కులు మిగులుతాయి.

వర్గం ఉంటే ప్రతి జవాబునూ గేటు దగ్గర ఆపి అడగండి

ఇదిగో నా ఎనిమిదికి రెండు మార్కుల లెక్క లాంటిది.

య² − 6⌊య⌋ + 5 = 0

బ్రాకెట్లు కొట్టేస్తే య = 1, య = 5 వస్తాయి. రెండూ నిజంగానే సరిపోతాయి, అదే ప్రమాదం. సరిచూసుకుంటే సరిగ్గా ఉన్నాయి కదా అని ధైర్యంగా వదిలేస్తాం. పోయినవి మధ్యలో ఉన్నాయి.

సరైన దారి ఇది. ⌊య⌋ను ప అని రాస్తే య² = 6ప − 5. ఎడమ వైపు వర్గం కాబట్టి కుడి వైపు రుణ సంఖ్య కాకూడదు, అందుకే ప కనీసం 1. అప్పుడు య కూడా ధన సంఖ్యే, కాబట్టి ప ≤ య < ప + 1ను భయం లేకుండా వర్గం చేయవచ్చు:

ప² ≤ 6ప − 5 < (ప + 1)²

ఎడమ సగం: ప² − 6ప + 5 ≤ 0, అంటే (ప − 1)(ప − 5) ≤ 0, అంటే ప 1 నుంచి 5 వరకు. కుడి సగం: ప² − 4ప + 6 > 0. దాన్ని (ప − 2)² + 2 అని రాస్తే ఎప్పుడూ ధన సంఖ్యే, అడ్డేమీ లేదు. కాబట్టి ఐదు విలువలూ పనికొస్తాయి. య² = 1, 7, 13, 19, 25. సాధనలు 1, √7, √13, √19, 5. √7 అంటే 2.64 పైచిలుకు, దాని ఫ్లోర్ 2, సరే. √13 సుమారు 3.6, √19 సుమారు 4.36. అన్నీ తమ తమ మెట్టు మీదే ఉన్నాయి. −√7 రాయకండి, దాని ఫ్లోర్ −3 అవుతుంది.

కుడి సగం ఎప్పుడూ ఇంత మెతకగా ఉండదు. సంఖ్యలు కొంచెం మార్చి చూద్దాం: య² − 7⌊య⌋ + 3 = 0. ఇప్పుడు య² = 7ప − 3. ఎడమ సగం ప² − 7ప + 3 ≤ 0. మూలాలు సుమారు 0.46, 6.54, అంటే ప 1 నుంచి 6 వరకు. ఆరు సాధనలు దొరికాయని సంతోషించే లోపే కుడి సగం చూడాలి: 7ప − 3 < ప² + 2ప + 1, అంటే (ప − 1)(ప − 4) > 0. ఇది 1, 2, 3, 4 నాలుగింటినీ గేటు దగ్గరే ఆపేస్తుంది. మిగిలినవి 5, 6. సాధనలు √32, √39. నమ్మకం కుదరకపోతే ప = 4 పెట్టి చూడండి: య² = 25, య = 5, దాని ఫ్లోర్ 5. మనం మొదట అనుకున్నదేమో 4. కుడి వైపు గుర్తులో సమానం లేకపోవడానికి ఎంత విలువుందో ఇక్కడ తెలుస్తుంది. పొరపాటున ≤ రాసి ఉంటే 1, 4 రెండూ లోపలికి వచ్చేసేవి.

ఫ్లోర్లు ఎక్కువైతే భిన్న భాగాన్ని ముక్కలు చేయండి

⌊య⌋ + ⌊2య⌋ + ⌊3య⌋ = 13 అన్న లెక్కలో మూడు ఫ్లోర్లు చూసి భయపడక్కర్లేదు. య = ప + భ పెడితే ప లన్నీ బయటికి వచ్చేస్తాయి, ఎందుకంటే పూర్ణాంకాన్ని ఫ్లోర్ ఆపదు. ఎడమ వైపు 6ప + ⌊2భ⌋ + ⌊3భ⌋ అవుతుంది (⌊భ⌋ సున్నానే). ఇప్పుడు 0 నుంచి 1 వరకు గీత గీసి, 2భ గానీ 3భ గానీ కొత్త మెట్టు ఎక్కే చోట్ల గుర్తు పెట్టండి: 1/3, 1/2, 2/3. సున్నా నుంచి 1/3 లోపు ఆ అదనపు మొత్తం 0. 1/3 దగ్గర 1 అవుతుంది, 1/2 దగ్గర 2, 2/3 దగ్గర 3. ఇక ఒకటి దాకా అదే.

అంటే ఎడమ వైపు ఎప్పుడూ ఆరు గుణిజానికి 0, 1, 2, 3లలో ఒకటి కలిపితే వచ్చే సంఖ్యే. 13 = 6 × 2 + 1. కాబట్టి ప = 2, భ 1/3 నుంచి 1/2 లోపు. జవాబు: 2 + 1/3 ≤ య < 2.5. మధ్యలో 2.4 తీసుకుని చూస్తే 2 + 4 + 7 = 13.

పోటీ పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే వాళ్ళకు సంవత్సరం సంఖ్య పెట్టడం సరదా. 2025 పెడితే శేషం 3, సాధన 337 + 2/3 నుంచి 338 లోపు దొరుకుతుంది. 2026 పెడితే శేషం 4, సాధన లేదు. ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా ఆరుతో భాగించి శేషం చూస్తే చాలు, అరనిమిషం పని. అయితే ఈ ఆరు, ఈ శేషాలు ఈ లెక్కకే సొంతం. గుణకాలు మారితే గీత మళ్ళీ గీయాలి, జవాబు బట్టీ పెట్టకండి.

ఇదే గీత పద్ధతితో ⌊య⌋ + ⌊య + 1/2⌋ = ⌊2య⌋ ఎప్పుడూ నిజమని మీరే తేల్చుకోవచ్చు. భ సగం కంటే తక్కువైతే రెండు వైపులా 2ప, సగం లేదా ఎక్కువైతే రెండు వైపులా 2ప + 1. దీన్ని ఫ్రెంచి గణితవేత్త హెర్మైట్ పేరుతో పిలుస్తారు. సమీకరణంలో ఎడమ వైపు రూపం కనిపిస్తే వెంటనే ఒక ఫ్లోర్‌గా కుదించుకోండి.

రెండు వైపులా ఫ్లోర్ ఉంటే

⌊య/2⌋ = ⌊య/3⌋. రెండూ సమానం కాబట్టి ఆ ఉమ్మడి విలువను ప అనండి. తాళం చెవి రెండు సార్లు తిప్పాలి: 2ప ≤ య < 2ప + 2, ఇంకా 3ప ≤ య < 3ప + 3. ఈ రెండు అంతరాలూ ఒకదాని మీద ఒకటి పడే చోటే జవాబు. అవి కలవాలంటే 3ప < 2ప + 2, 2ప < 3ప + 3 రెండూ కావాలి. అంటే ప విలువ −2, −1, 0, 1 మాత్రమే.

ప = 0 అయితే 0 నుంచి 2 లోపు. ప = 1 అయితే 2 నుంచి 4 లోపు ఉన్నదీ, 3 నుంచి 6 లోపు ఉన్నదీ కలిసి 3 నుంచి 4 లోపు మిగులుతుంది. ప = −1 ఇచ్చేది −2 నుంచి 0 లోపు, ప = −2 ఇచ్చేది −4 నుంచి −3 లోపు. అతికించి రాస్తే

−4 ≤ య < −3, −2 ≤ య < 2, 3 ≤ య < 4.

మధ్యలో 2 నుంచి 3 వరకు ఖాళీ ఎందుకో 2.5 పెట్టి చూడండి. ఒక వైపు 1, ఇంకో వైపు 0. ఇలాంటి లెక్కకు రెండు మెట్ల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేస్తే జవాబు కంటికే కనిపిస్తుంది. ప్రతి మెట్టు ఎడమ చివర నిండు చుక్క, కుడి చివర ఖాళీ చుక్క పెట్టండి. పరకాల నుంచి బస్సులో వచ్చే మా విద్యార్థి ఒకడు గ్రాఫే ముందు వేస్తాడు, లెక్క తర్వాత రాస్తాడు. నేను లెక్క ముందు అంటాను. ఇద్దరికీ జవాబు ఒకటే వస్తోంది కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

ఇక మీరు చేయాల్సినవి మూడు. య × ⌊య⌋ = 11 చేసి, 15తో వచ్చిన జవాబుతో పోల్చండి; ఈసారి సాధన బావి అడుగున ఉండదు. 7య = 9⌊య⌋ + 2కు నాలుగు సాధనలు రావాలి, అన్నిటికంటే పెద్దది 20/7. ⌊య/3⌋ = ⌊య/4⌋కు ఐదు విడి ముక్కలు రావాలి; మూడే వచ్చాయంటే సున్నాకు ఎడమ వైపు వెళ్ళలేదన్నమాట.